పాటలకు తలంటు పోసే తిరుమలరావు

శ్రీకాకుళంలో తిరుమలరావు ఒక పాటను ఎంత శుభ్రంగా కడిగాడంటే, పాట పోయింది, పాటగాడు పోయాడు, చివరికి పాటగాడి మీసం వెంట్రుకలు మైకుకు రాసుకున్న చప్పుడొక్కటే మిగిలింది. ఆ చప్పుడు విని పాటగాడి పెళ్లాం మొగుణ్ణి గుర్తుపట్టింది.

సరే, మీసం సంగతి కొంచెం ఎక్కువే. ఆ పాటగాడు గంగులుకు అసలు మీసమే ఉండేది కాదని ఎరిగినవాళ్లు చెబుతారు. పాట కూడా మొత్తం పోలేదు, సగమే పోయింది. అయితే ఆ పోయిన సగం ఎవరిదన్న దగ్గరే పేచీ వచ్చింది.

తిరుమలరావు పుట్టుకతో పాటలు కడిగే మనిషి కాడు. మైకుసెట్టు మనిషి. పెళ్లిళ్లకీ, అమ్మవారి సంబరాలకీ, ఎన్నికలకీ కొబ్బరిచెట్ల మీద హారన్లు కట్టి, అవి ఎవరూ విప్పుకుపోకుండా వాటి కిందే మంచం వేసుకుని పడుకున్న మనిషి. దేశసేవలో కొందరికి కాలు పోతుంది, కొందరికి కన్ను పోతుంది. సంబరాల సేవలో తిరుమలరావుకు ఎడమ చెవి పూర్తిగా పోయింది. కుడి చెవి మాత్రం ఇష్టమైనప్పుడు పనికి వస్తుంది, లేనప్పుడు సెలవు పెడుతుంది.

తర్వాత లారీల మీద డీజే పెట్టెలు వచ్చాయి. హారన్లు పాత ఇనుములోకి పోయాయి. ఒక గదినిండా పాటల రికార్డులూ, వాటిని తిప్పే మిషనూ మాత్రం మిగిలాయి. మూతపడ్డ నెట్ సెంటరు నుంచి ఒక కంప్యూటరు తెచ్చి, రికార్డుల్లోని పాటల్ని దాంట్లోకి ఎక్కించి, గరగరలూ టిక్కుటిక్కులూ తీసేసి, పెన్ డ్రైవుల్లో పోసి ఇవ్వడం మొదలుపెట్టాడు. బస్సు కాంప్లెక్సు వెనక సందులో ‘శ్రీ కూర్మనాథ డిజిటల్ క్లీనింగ్’ అని బోర్డు పెట్టాడు. మొదటి నెలంతా జనం పట్టుచీరలూ, కోట్లూ పట్టుకొచ్చారు. ఒకాయన పెళ్లి సూటు ఇచ్చి, కూర మరక పోవాలని చెప్పి వెళ్లాడు. తిరుమలరావు కాదనలేదు. కుసుమకుమారి చేత ఉతికించి ఇచ్చాడు. కుసుమకుమారి ఆయన భార్య. ఆ వ్యాపారం చివరిదాకా నిలబడ్డదంటే ఎంతో కొంత ఆ సూట్ల వల్లే.

పాటల విషయంలో మాత్రం తిరుమలరావు చాలా పట్టింపు మనిషి. కాన్వెంటులో సిస్టర్లు పొద్దున్నే పిల్లల గోళ్లు చూసినట్టు, ఒక్కొక్క పాటనూ నిలబెట్టి చూస్తాడు. చూస్తాడన్న మాట అక్షరాలా నిజం. వినడు. కంప్యూటరు తెర మీద పాట పచ్చటి కొండల వరసలాగా కనిపిస్తుంది. దుమ్ము వల్లా గీతల వల్లా వచ్చిన టిక్కుటిక్కులు ఆ కొండల మీద సన్నటి ముళ్లలాగా నిటారుగా లేస్తాయి. వాటిని ఏరడానికి కంప్యూటరులోనే ఒక బటన్ ఉంది. తిరుమలరావుకు దాని మీద నమ్మకం లేదు. బటన్ నొక్కాక మిగిలిన ముళ్లను, కళ్లజోడు ముక్కు మీదికి దించి, పిల్ల తలలో పేలు ఏరినట్టు ఒక్కొక్కటీ తానే ఏరుతాడు. చెవులతో చేయాల్సిన పనిని కళ్లతో చేసే మనిషి జిల్లాలో ఆయనొక్కడే. దాన్ని లోపమంటే ఒప్పుకోడు. పద్ధతి అంటాడు.

ఆ పద్ధతిలో ఒక గుడి కమిటీవాళ్ల సుప్రభాతంలోంచి గంటలన్నీ పోయాయి. కమిటీవాళ్లు పట్టించుకోలేదు. గుడిలో ఎలాగూ గంట ఉంది.

ఆయనకు ఇంకో పట్టింపు కూడా ఉంది. పక్కింటివాళ్ల గిన్నె ఇంట్లోకి వస్తే దాన్ని తోమకుండా తిరిగి ఇవ్వడం ఆయన వంశంలో లేదు. తిరుమలరావు రికార్డులకు కూడా అదే మర్యాద చేసేవాడు. పాట కంప్యూటరులోకి ఎక్కాక, రికార్డుకు కుంకుడు పులుసుతో తలంటు పోసి, మంచినీళ్లతో కడిగి, వరండాలో నీడన ఆరబెట్టి, నున్నగా తుడిచి మరీ ఇచ్చేవాడు. తెచ్చినవాళ్లు తమ రికార్డును తామే పోల్చుకోలేకపోయేవారు.

మొన్న వేసవిలో ఆ సందులోకి దేముడమ్మ వచ్చింది.

శ్రీకూర్మం దాటాక సముద్రం ఒడ్డున ఉండే మనిషి. నెత్తిన బుట్టతో చేపలు అమ్మినంత కాలం అమ్మింది. సంబరాల రోజుల్లో మాత్రం బుట్ట దించి, మొగుడు గంగులు పక్కన నిలబడి జముకు వాయించేది. జముకు అంటే చంకలో ఇరికించుకునే చిన్న డోలులాంటిది. ఒక పక్క తోలు ఉంటుంది. ఆ తోలు నడిమి నుంచి ఒక తీగ వస్తుంది. తీగను బిగించి మీటితే జుమ్మంటుంది. గంగులు కథ చెబుతుంటే దేముడమ్మ జముకు దానికి కాళ్లు తొడిగేది. ఒకసారి కంపెనీవాళ్లు ఇద్దర్నీ మద్రాసు తీసుకెళ్లి రికార్డు చేశారు. రికార్డు మీద ‘గంగులు అండ్ పార్టీ’ అని అచ్చు వేశారు. ఆ పార్టీ దేముడమ్మే.

గంగులు పోయి చాలా కాలమైంది. నిరుడు దేముడమ్మకు పక్షవాతం వచ్చి కుడి చేయి పడిపోయింది. మనవరాలు దుర్గాభవాని డిగ్రీ చదువుతూ జముకు పట్టింది. ఈసారి బంగారమ్మ తల్లి సంబరంలో తానే వాయిస్తానని ఊరందరికీ చెప్పేసింది. కానీ ఆ వరసలు నేర్పడానికి దేముడమ్మకు చేయి లేదు. నోటితో చెప్పమంటే రాదు. “నోటికేటి తెలుసే, సేతికి తెలుసు గానీ,” అనేది. ఆ చేతిపని మిగిలి ఉన్నది లోకంలో ఒక్కచోటే, ఆ రికార్డులో. అదేమో గరగరల్లో మునిగిపోయి ఉంది. అందుకే కొంగున చుట్టి తెచ్చింది. చేతులూపుకుంటూ రావడం మర్యాద కాదని ఎండురొయ్యల పొట్లం కూడా తెచ్చింది.

“ఒరే బాబూ, సరిగ్గా ఇను,” అంది తిరుమలరావు పక్కన స్టూలు మీద కూర్చుని. “పాట పోతే పోనీ. మా ఆయన గొంతు పోయినా పరవానేదు. జముకు మాత్రం పోకూడదు. మా మనవరాలు గుంట అది ఇనే నేర్సుకోవాల. తెలిసిందా?”

తిరుమలరావు వినయంగా తల ఊపాడు. దేముడమ్మ కూర్చున్నది ఆయనకు ఎడమపక్క. ఆ పక్క నుంచి ఎవరేం చెప్పినా ఆయన తల ఊపుతాడు. అందుకే ఊళ్లో అంత మంచి పేరు.

రికార్డు ఎక్కించి తెర చూశాక తిరుమలరావుకు ఒళ్లు పులకరించింది. ఇన్ని ముళ్లున్న రికార్డు ఆయన జన్మలో చూడలేదు. అదీ ఇష్టమొచ్చినట్టు కాదు, బడిపిల్లల్లా వరసగా నిలబడ్డాయి. రికార్డు మీద అడ్డంగా గీత పడితే, అది తిరిగినప్పుడల్లా సూది అక్కడే తగిలి వరసగా టిక్కుమనడం మామూలే. ‘పాపం, ముసలామె రికార్డు నిలువునా చిట్లింది’ అనుకుని జాలిపడ్డాడు. బటన్ నొక్కితే సగం పోయాయి. మిగతా సగం రోజుల తరబడి కూర్చుని ఏరాడు. భోజనానికి పిలిచినా లేవలేదు. ఆఖరికి తెర మీద కొండలు గుండు కొట్టించుకున్నట్టు నున్నగా తేలాయి. మొదటి కాపీని, కడిగిన నీళ్లు ఎవరైనా దాచుకుంటారా అని, పారబోశాడు. రికార్డుకు తలంటు పోశాడు. వరండా నిండా కుసుమకుమారి సూట్లు ఆరేసి ఉంది. అందుకని రికార్డును మేడమీద, ఎండురొయ్యల పక్కన ఆరబెట్టాడు.

మధ్యాహ్నం మజ్జిగ తెచ్చిన కుసుమకుమారి పాట విని గుమ్మంలోనే ఆగిపోయింది.

“ఏటండీ, జముకు ఏదీ?”

“ఏ జముకు?”

“ఆ ముసలామె సెప్పింది కదా, పాట పోయినా జముకు పోకూడదని?”

“ఎప్పుడు సెప్పింది?”

“మీ ఎడమపక్కన కూకుని సెప్పింది. మీరు తలాడించినారు.”

“ఎడమపక్కన సెప్పింది సెప్పినట్టా?” అని కేకలేశాడు తిరుమలరావు. కేకలేస్తూనే తెర వంక చూశాడు. వరసగా నిలబడ్డ ఆ ముళ్లేమిటో అప్పటికి అర్థమైంది. ఇంకేముంది, రికార్డు ఉంది కదా, మళ్లీ ఎక్కిద్దామని మేడమీదికి పరుగెత్తాడు.

మే నెల ఎండలో రొయ్యలు ఎలా ఉన్నవి అలాగే ఉన్నాయి. రికార్డు మాత్రం నాలుగు పక్కలా పైకి లేచి గుంటపడింది. చక్కటి నల్లటి గిన్నె. తోమిన గిన్నె తిరిగి ఇచ్చే మర్యాద ముదిరి, ఇచ్చిన రికార్డునే గిన్నెగా చేసి పెట్టింది.

నిజం చెప్పేస్తే పోయేది. కానీ తిరుమలరావు నిజం చెప్పేముందు మిగతా దారులన్నీ ఒకసారి నడిచి చూసే మనిషి. పాలపొడి డబ్బాకు ఒక పక్క బెలూన్ రబ్బరు బిగించి, దాని మధ్య నుంచి తీగ లాగి, కుసుమకుమారి చేత మీటించాడు. ఆ చప్పుడును రికార్డు చేసి, గంగులు ఎక్కడ ఊపిరి పీలిస్తే అక్కడల్లా అతికించాడు. తెర మీద చూస్తే ముళ్లన్నీ మళ్లీ మొలిచాయి. కంటికి ఏ లోపమూ లేదు.

సంబరం దగ్గరపడ్డాక దేముడమ్మ మనవరాల్ని వెంటబెట్టుకుని ఆటో దిగింది. ఈసారి కుసుమకుమారి స్టూలు తీసి మొగుడికి కుడిపక్కన వేసింది. పాట పెట్టారు. దేముడమ్మ కళ్లు మూసుకుని కాసేపు వింది.

“ఎవులు బాబూ, ఈ డబ్బా కొట్టినోరు?”

“అదేటమ్మా, నువ్వే కదా.”

“నానా? నాను చేపలమ్మినాను, జముకు మీటినాను. డబ్బా ఎప్పుడు కొట్టినాను?”

“పాత రికార్డు కదమ్మా. దుమ్ము పట్టి అలగ...”

“దుమ్ము పడితే జముకు డబ్బా అయిపోద్దేటి? నాకూ దుమ్ము పట్టింది, రేపు నన్ను నా మనవరాలనీస్తావేటి?”

గుమ్మం దగ్గర నిలబడ్డ కుసుమకుమారి ఇక ఆగలేకపోయింది. “నానే కొట్టినానమ్మా.”

దేముడమ్మ ఆమెను ఎగాదిగా చూసింది. “నువ్వా తల్లీ? సెయ్యి మంచిదే. డబ్బాయే మంచిది కాదు.” తిరుమలరావు వైపు తిరిగింది. “నాది ఏదిరా?”

ఆయన లోపలికి వెళ్లి, నల్ల గిన్నె తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాడు. దేముడమ్మ ఎడమ చేత్తో దాన్ని అటూ ఇటూ తిప్పింది.

“ఏటిది, అప్పడమా?”

“రికార్డు.”

దుర్గాభవానే ముందు తేరుకుంది. “కంప్యూటర్లో ఉంటాది కదా బాబాయ్? మొదట ఎక్కించినది?”

“నేదమ్మా. తీసీసినాను.”

“మరిప్పుడు నానేటి ఇని నేర్సుకుంటాను మామ్మా?” అంది ఆ పిల్ల. భుజానికున్న సంచీలో జముకును పైనుంచే తడుముకుంది. “ఊరందరికీ సెప్పేసినాను. మంగళవారమే సంబరం.”

తిరుమలరావు తల దించుకున్నాడు. ఊగడం తప్ప ఇన్నాళ్లూ ఆ తలకు ఇంకో పని లేదు.

దేముడమ్మ గిన్నెను పక్కన పెట్టింది. “ఆ డబ్బా తీసీసిన పాట ఉన్నాదా?”

“ఉన్నాదమ్మా. వట్టి గొంతే.”

“పెట్టు.”

గంగులు ఒక్కడే పాడడం మొదలుపెట్టాడు. రాజు గుర్రమెక్కాడు, కోట దాటాడు, గుర్రం పరుగందుకుంది అని చెప్పి ఆగాడు. ఆగిన చోట గుర్రం పరుగెత్తాలి. పరుగెత్తించేది జముకు. జముకు లేదు. గదిలో పంకా తిరుగుతున్న చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ ఖాళీ అంతా అయిపోయాక గంగులు, ఏదో ఘనకార్యం జరిగిపోయినట్టు, “ఆహా!” అన్నాడు.

దేముడమ్మ పకాలున నవ్వింది. పడిపోయిన చెయ్యి కూడా ఒళ్లో ఊగిపోయేట్టు నవ్వింది.

“ఏదిరా నీ గుర్రం? దేనికిరా ఆహా? కాళ్లీడ్చుకుంటూ నడిసి ఎల్లిపోతన్నాడు మీ రాజు! ఓలమ్మో, ఇనవే గుంటా, మీ తాత ఎలగున్నాడో ఇను! ఊరూరా గంగులు కథ, గంగులు కథ అన్నారే! బస్సు తప్పిపోనోడిలాగ నడిరోడ్డు మీద నిలబడిపోయినాడు సూడు!”

“మళ్లీ పెట్టమంటావా అమ్మా?” అన్నాడు తిరుమలరావు భయం భయంగా.

“పెట్టు. మరోసారి సూద్దాం ఈడి దౌర్భాగ్యం.”

రెండోసారి గంగులు గుర్రం దగ్గరికొచ్చి ఆగాడు. ఖాళీ వచ్చింది. అది వచ్చీ రాగానే దేముడమ్మ నోరు దానంతట అదే కదిలింది. “జుం జుజుం జుం. జుజుజుం జుం.” మొగుడు మాట అందించి ఆగితే బదులివ్వకుండా ఊరుకోవడం ఆవిడకు చేత కాదు. రికార్డులో బదులు ముందే ఉండేది గనుక, ఇన్నాళ్లూ ఆ నోటికి పని పడలేదు. ఇప్పుడు గంగులు అడుగుతున్నాడు, బదులిచ్చేవాళ్లు లేరు.

దుర్గాభవాని సంచీలోంచి జముకు తీసి చంకలో పెట్టుకుంది.

“మళ్లీ అను మామ్మా.”

“ఏటన్నాను నాను?”

“అనవే! గుర్రం!”

“జుం జుజుం జుం. ఆ... కాదే గుంటా, అది గుర్రం కాదు, గాడిద. సివర్ని బిగబట్టి వొదుల్. తీగ నిన్ను కొరికీదేటి, అంత బయపడతన్నావు? ఆఁ. ఇప్పుడు పరిగెట్టింది.”

ఆ రోజూ, మర్నాడూ ఆ గదిలో ఇదే తంతు. గంగులు రాజును గుర్రం ఎక్కించేవాడు, పడవ ఎక్కించేవాడు, ఆఖరికి పాడె ఎక్కించేవాడు. దేముడమ్మ నోటితో దాన్ని నడిపించేది, మనవరాలు తీగ మీదికి తెచ్చేది. దేముడమ్మ ప్రతి ఖాళీలోనూ మొగుణ్ణి నాలుగు తిట్టి గానీ వరస చెప్పేది కాదు. తిరుమలరావు మైకు తెచ్చి ఆవిడ నోటి ముందు పెట్టాడు.

“నీ జుంజుంలన్నీ రికార్డు చేసీస్తానమ్మా. దగ్గులూ తిట్లూ నాను తీసీస్తాను, శుభ్రంగా.”

“ఒక్క దగ్గు ముట్టుకున్నావంటే సేతులిరగ్గొడతాను,” అంది దేముడమ్మ. “ఉంచు. అన్నీ ఉంచు.”

మంగళవారం సంబరానికి ఊరు ఊరంతా తీరానికి వచ్చింది. పెన్ డ్రైవులోంచి గంగులు కథ చెబుతుంటే, పందిట్లో దుర్గాభవాని జముకు మీటింది. పెట్టెల దగ్గర తిరుమలరావు కూర్చున్నాడు. ఆయన పక్కనే కుర్చీలో దేముడమ్మ. పిల్ల ఒక్క వరస తప్పలేదు. గుర్రం పరిగెత్తింది. జనం ఊగిపోయారు. మధ్యలో ఆపి ఊరి పెద్ద మైకు అందుకున్నాడు.

“మన గంగులు సచ్చిపోనా బతికే ఉన్నాడు! గంగులు గొంతు గంగులుదే! ఆయనకీ, ఆయన పార్టీకీ మన నమస్కారాలు!”

చప్పట్లు మోగాయి. దేముడమ్మ తిరుమలరావు చొక్కా పట్టుకుని తన వైపు లాగింది.

“ఇన్నావా? పార్టీ అట.”

“ఇన్నానమ్మా.”

“ఇంకా కథ ఉన్నాది కదా. నడిమిలో మావోడి నోరు మూసీ.”

“అమ్మా, ఇంత మందిలోన...”

“మూసీరా. నువ్వు నన్ను తీసీలేదేటి? ఆడినీ తీసీ.”

కథ మళ్లీ సాగింది. పడవ సముద్రంలోకి దిగింది. గంగులు రాగం ఎత్తి పడవను కెరటాల మీదికి ఎక్కించబోతుండగా, తిరుమలరావు పెన్ డ్రైవు ఊడబెరికాడు. గంగులు సగం మాట మీద ఆరిపోయాడు. దుర్గాభవాని ఉలిక్కిపడి మామ్మ వైపు చూసింది. దేముడమ్మ గడ్డం పైకెత్తి, కానీ అన్నట్టు చూసింది. పిల్ల తీగ బిగించింది. పడవ ఒక్కతే నడిచింది. కెరటం లేచింది, విరిగింది, పడవ పక్కకు ఒరిగింది, మళ్లీ నిలబడింది. ముందు వరసలో ఆడవాళ్లు ఒడ్డున నిలబడ్డట్టు చీర కుచ్చిళ్లు పైకి పట్టుకున్నారు. పాడేవాడు లేడన్న సంగతి ఎవరికీ పట్టలేదు. జముకు ఆగాక గానీ ఆ ఆడవాళ్లు కుచ్చిళ్లు వదల్లేదు.

తిరుమలరావు తల వంచి, కుడి చెవి పందిరి వైపు పెట్టి విన్నాడు. ఏం వినిపించిందో గానీ, ముక్కు ఎగబీల్చడం వెనక నిలబడ్డ కుసుమకుమారి చూసింది. అడిగితే కరెంటు తీగ తగిలిందన్నాడు.

ఇదంతా మొన్న టీ కొట్టు దగ్గర, ఆయన ఎదుటే, నలుగురికీ వినిపించాను. తిరుమలరావు గ్లాసు కింద పెట్టాడు.

“ఒట్టి అబద్ధం. గంగులని పాటగాడే ఉండనేదు. జముకంటే ఏటో నాకు తెల్దు, నా కంటితో సూడనేదు. దేముడమ్మ అన్న మనిషి నా షాపు గుమ్మమే ఎక్కనేదు. మంగళవారం నాను ఊర్లోనే ఉండనేదు, రామతీర్థం గుడికి ఎల్లినాను. అలగాంటిదేటీ జరగనేదు.”